‘బాగున్నాయి గానీ...’ అన్నాక ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేడమ్, నేను ఫ్యాషన్ డిజైన్ కోర్సు పూర్తిచేసి ఏడాది దాటింది. ఈ మధ్యే సొంతంగా మొదటి పెద్ద పని వచ్చింది. ఒక ఆర్ట్ గ్యాలరీలో సందర్శకుల మధ్య తిరిగే సిబ్బందికి డ్రెస్సులు డిజైన్ చెయ్యాలి. వాళ్లిచ్చిన బ్రీఫ్, అంటే ఏం కావాలో రాసిచ్చే కాగితం, ఒక్క పేజీ. అందులో ముఖ్యమైనవి మూడు ముక్కలు: ‘హుందాగా ఉండాలి, మోడర్న్‌గా ఉండాలి, బొమ్మలతో పోటీ పడకూడదు.’ రెండు వారాలు నిద్ర మానుకుని పద్దెనిమిది స్కెచ్‌లు, నాలుగు మూడ్ బోర్డులు (రంగులు, గుడ్డలు, ఫొటోలు అతికించిన అట్టలు) చేసి చూపించాను. అందరూ బాగున్నాయన్నారు. చివర్లో డైరెక్టర్ గారు, ‘బాగున్నాయి గానీ, మేం అనుకున్నది ఇది కాదమ్మా’ అన్నారు. ఏం అనుకున్నారో ఆవిడా చెప్పలేకపోయారు. మూడు వారాల్లో మళ్లీ రమ్మన్నారు. టెన్షన్‌తో పెన్సిల్ ముట్టుకోబుద్ధి కావడం లేదు. ఎక్కడ తప్పు జరిగింది?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మళ్లీ రమ్మన్నారంటే మీ చేతి మీద వాళ్లకు నమ్మకం కుదిరిందని అర్థం. అది ముందు మనసులో పెట్టుకోండి. ఇక పెన్సిల్ సంగతి. ముట్టుకోబుద్ధి కాకపోతే ఈ వారం ముట్టుకోకండి. ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. మీకున్న మూడు వారాల్లో మొదటి వారం పెన్సిల్‌తో పనే లేదు.

తప్పు మీ బొమ్మల్లో జరగలేదు, బ్రీఫ్ చదవడంలో జరిగింది. ‘హుందా’ అనే మాట వినగానే డైరెక్టర్ గారి కళ్ల ముందు ఒక రూపం ఉంటుంది, మీ కళ్ల ముందు ఇంకొకటి. ఆవిడకి అది కాలరున్న ముదురు రంగు చొక్కా కావచ్చు, మీకు మోకాలు దాటిన పొడవాటి కోటు కావచ్చు. ఇద్దరూ ‘హుందా’ అంటే ‘హుందా’ అని తలూపారు. పద్దెనిమిది స్కెచ్‌లు గీశాక గానీ ఇద్దరూ వేరేవేరే చూస్తున్నారని తేలలేదు. ఆవిడ అనుకున్నదేమిటో ఆవిడే చెప్పలేకపోవడంలోనూ తప్పులేదు. బట్టల గురించి మాటల్లో చెప్పడం ఆవిడ వృత్తి కాదు, మనది. ఆ మాటలు ఆవిడ చేత పలికించాల్సింది మనమే.

అదొక్కటే కాదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో గ్యాలరీ ఉంది, డైరెక్టర్ ఉన్నారు, మీరున్నారు. ఆ బట్టలు వేసుకుని రోజంతా నిలబడే మనిషి మాత్రం ఎక్కడా కనిపించలేదు.

అందుకే ముందు అనుమతి తీసుకుని గ్యాలరీ తెరిచే వేళకు వెళ్లండి. మూసేదాకా ఉండండి. ఒక నోట్‌బుక్ చాలు. వాళ్లు ఎన్ని గంటలు నిలబడుతున్నారు, ఎక్కడ ఆనుకుంటున్నారు, చిన్నపిల్లలు వస్తే మోకాళ్ల మీద కూర్చుంటున్నారా, పై వరసలో ఉన్న బొమ్మని చూపించడానికి చెయ్యి ఎంత ఎత్తు లేపుతున్నారు, వాకీటాకీ ఎక్కడ పెట్టుకుంటున్నారు, తాళాలు ఎక్కడ, ఏసీ హాల్లోంచి గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు పైచొక్కా విప్పుతున్నారా. వాళ్లలో సన్నగా ఉన్నవాళ్లెందరు, లావుగా ఉన్నవాళ్లెందరు, వయసులేమిటి. డ్రెస్సు ఇంట్లో ఉతుక్కుంటారా, లాండ్రీకి వెళ్తుందా. ఒక్కొక్కరినీ ఒకటే ప్రశ్న అడగండి: ‘ఇప్పుడు వేసుకున్న దాంట్లో మీకు చిరాకు పుట్టించేది ఏది?’ ఏది నచ్చుతుందని అడిగితే మర్యాదకి ఏదో చెప్తారు. చిరాకు గురించి అడిగితే నిజం చెప్తారు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న విషయం. చాలా ఏళ్ల కిందట ఒక హోటల్ రిసెప్షన్ వాళ్లకి జాకెట్లు డిజైన్ చేశాను. వదులుగా ఉంటే సుఖంగా ఉంటుందని చెయ్యి దూర్చే చోటు, అంటే ఆర్మ్‌హోల్ బాగా కిందికి దించాను. టైలర్ల దగ్గరుండే డమ్మీ బొమ్మకి తొడిగి చూపించాను. అందరూ మెచ్చుకున్నారు, కుట్టేశారు. వారం తిరగకుండానే ఒక్కరూ గుండీలు పెట్టుకోవడం లేదు. నేను వెళ్లి చూస్తే వాళ్ల వెనక గోడకి, తల కంటే ఎత్తులో తాళాల అర ఉంది. తాళం తీయడానికి చెయ్యి పైకెత్తగానే జాకెట్ మొత్తం దానితోపాటు లేచి, లోపలి చొక్కా నడుము దగ్గర బయటికొచ్చేస్తోంది. ఒక అమ్మాయి ప్రతిసారీ ఎడమచేత్తో జాకెట్ కిందికి లాక్కుంటూ కుడిచేత్తో తాళం తీస్తోంది. ఆ ఎడమచెయ్యి నాకిప్పటికీ కళ్లలో కదులుతుంది.

చంక లోతు పెరిగేకొద్దీ చెయ్యి సుఖంగా కదులుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. ఆర్మ్‌హోల్ కిందికి దిగితే చంక నుంచి నడుము దాకా ఉండే పక్క కుట్టు పొట్టిదవుతుంది. చెయ్యి ఎత్తినప్పుడు స్లీవ్ ఆ కుట్టుని పట్టుకుని బట్టంతా పైకి లాగుతుంది. ఆర్మ్‌హోల్ చంకకు దగ్గరగా, పైకి ఉండి, స్లీవ్ తల (భుజానికి అతికే పై వంపు) ఎత్తు కాస్త తగ్గించి, జబ్బ దగ్గర వెడల్పు ఇస్తే చెయ్యి లేచినా జాకెట్ ఉన్నచోటే ఉంటుంది. మళ్లీ అలాగే కుట్టించి ఇచ్చాను. అయితే నేను నేర్చుకున్నది ఆ కొలతలు మాత్రమే కాదు. నేను చూపించిన బొమ్మ చేతులు కిందికి వేలాడుతూ ఉన్నాయి. తాళం తీసే మనిషికి కావాల్సిన బట్టని, ఎప్పుడూ చెయ్యి ఎత్తని బొమ్మ మీద పెట్టి ఒప్పించాను.

గ్యాలరీలో ఆ రోజు గడిపాక, బ్రీఫ్‌ని మీ మాటల్లో మళ్లీ రాయండి. అర పేజీ దాటొద్దు. ‘నాకు అర్థమైంది ఇదీ’ అని డైరెక్టర్ గారికి పంపి, అవునన్నాకే గీయడం మొదలుపెట్టండి. ఆ అర పేజీలో మూడు మాటలూ విడమర్చండి. హుందా అంటే ఇక్కడ ఏది, ఏది కాదు? దీనికి ఓ పది ఫొటోలు తీసుకెళ్లి, ‘ఇందులో మీకు హుందాగా అనిపించనివి పక్కన పెట్టండి’ అని అడగండి. మనుషులు కావాల్సింది చెప్పలేకపోయినా, వద్దనుకున్నది ఇట్టే చూపిస్తారు. పక్కన పెట్టిన ప్రతి ఫొటోకీ ఎందుకని అడిగి, వాళ్లన్న మాటని అన్నట్టుగా రాసుకోండి.

ఇప్పుడు మీ బ్రీఫ్‌లో అసలైన ముడి ఎక్కడుందో చూద్దాం. ‘బొమ్మలతో పోటీ పడకూడదు’ అన్నారు, అంటే కంటికి కనపడకుండా ఉండాలి. కానీ దారి తెలియని సందర్శకుడు హాల్లో చుట్టూ చూస్తే సిబ్బంది ఎవరో వెంటనే తెలియాలి, అంటే కనపడాలి. రెండూ ఒకే బట్టలో జరగాలి. కాన్సెప్ట్ అంటే ఈ ముడికి మీరిచ్చే జవాబు, ఒక్క వాక్యంలో. ‘సముద్రం’, ‘శరదృతువు’ లాంటి పేర్లు బోర్డుకి శీర్షికలుగా బాగానే ఉంటాయి గానీ, ముడి విప్పవు.

దీనికి నాకెప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ అమెరికన్ డిజైనర్ క్లేర్ మెకార్డెల్ 1942లో చేసిన పాపోవర్ డ్రెస్. అది యుద్ధకాలం. ఇళ్లలో పనిచేసేవాళ్లు ఫ్యాక్టరీ పనులకు వెళ్లిపోయారు. ఇంటిపని తామే చేసుకోవాల్సి వచ్చిన ఆడవాళ్లకి, పనిలోనూ పనికొచ్చి చూడటానికీ బాగుండే డ్రెస్ కావాలని హార్పర్స్ బజార్ పత్రిక అడిగింది. చూడండి, మీ బ్రీఫ్ లాగే రెండు ఎదురెదురు కోరికలు. ఆవిడ మామూలు డెనిమ్ లాంటి నూలు గుడ్డతో, ముందు నుంచి చుట్టి కట్టుకునే డ్రెస్ చేశారు. పెద్ద జేబు పెట్టారు. వేడి గిన్నెలు పట్టుకునే మెత్తటి గ్లవ్‌ని ఒక పట్టీతో డ్రెస్‌కే తగిలించారు. ఆ గ్లవ్‌ని ఒక్కసారి ఊహించుకోండి. అలంకారం కోసం పెట్టింది కాదు. వంటింట్లో నిలబడిన మనిషిని గమనించిన కళ్లకే తట్టే ఆలోచన అది. చుట్టుకునే పద్ధతి వల్ల వేరువేరు ఒళ్లకి సరిపోయింది, పని అయ్యాక విప్పడం సులువు. ఆ డ్రెస్ బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది, ఏళ్ల తరబడి రకరకాల గుడ్డల్లో వచ్చింది.

మీ పని నేను చెయ్యకూడదు గానీ, ఆలోచన ఏ దారిన నడవొచ్చో చెప్తాను. గోడ మీద బొమ్మ రంగుతో కంటిని లాగుతుంది. కాబట్టి సిబ్బందిని రంగుతో కాకుండా ఆకారంతో గుర్తుపట్టించవచ్చేమో. దూరానికి ఒక స్పష్టమైన గీత, దగ్గరికొచ్చాక మాత్రమే తెలిసే నేత. లేదా వాకీటాకీ పెట్టుకునే జేబునే డ్రెస్ మొత్తానికీ గుర్తు చెయ్యవచ్చేమో. మీరు నోట్‌బుక్‌లో రాసుకున్న చిరాకుల్లోంచే ఒకటి దొరుకుతుంది.

గుడ్డ దగ్గర తొందరపడకండి. మెరిసే నేత స్పాట్‌లైట్ల కింద ఇంకా మెరుస్తుంది, కాబట్టి మెరుపులేని గుడ్డలే చూడండి. రంగుల సంగతి మరీ జాగ్రత్త. పగటి వెలుతురులో ఒకేలా కనిపించిన రెండు గుడ్డలు, ట్యూబ్‌లైట్ కిందో స్పాట్‌లైట్ కిందో వేర్వేరు షేడ్లుగా కనిపించవచ్చు. అద్దకాల్లో వాడిన రంగులు వేరైతే ఇలా జరుగుతుంది. దీన్ని మెటామెరిజం అంటారు. మిల్లుల్లో అందుకే లైట్ బాక్స్‌లో పెట్టి, డీ65 అనే పగటి వెలుతురు కింద ఒకసారి, షాపుల్లోని ట్యూబ్‌లైట్ల వెలుతురును పోలిన టీఎల్84 లాంటి లైట్ కింద ఒకసారి చూస్తారు. మీకు లైట్ బాక్స్ అక్కర్లేదు, గ్యాలరీ హాలే ఉంది. గుడ్డముక్కలు పట్టుకెళ్లి ఆ లైట్ల కిందే, ఆ బొమ్మల పక్కనే చూడండి. అరచేతంత ముక్కతో మాత్రం ఏ నిర్ణయానికీ రాకండి. అది రంగు చెప్తుంది గానీ, ఒంటి మీద ఎలా జారుతుందో చెప్పదు. కనీసం ఒక మీటరు తెప్పించి మనిషి భుజం మీద వేసి చూడండి. బరువూ చూసుకోండి. చొక్కా గుడ్డ సాధారణంగా 100 నుంచి 140 జీఎస్ఎం మధ్య, అంటే చదరపు మీటరుకి అన్ని గ్రాములు. ప్యాంట్లకు వాడే ట్విల్ (ఏటవాలు గీతల నేత) సాధారణంగా 200 దాటుతుంది. ఎనిమిది గంటలు నిలబడే మనిషికి ఆ తేడా భుజాల మీద తెలుస్తుంది.

ఇక చూపించడం. పద్దెనిమిది వద్దు, మూడు చాలు. ఒకే డిజైన్‌కి మూడు రంగులు వేసి మూడన్నారనుకోండి, అది ఒకటే. ఆ ఒక్క ముడికి మూడు వేర్వేరు జవాబులు ఉండాలి. మీకు నచ్చనిది, సంఖ్య కోసం కలిపినది ఒక్కటి కూడా పెట్టకండి. వాళ్లు దాన్నే ఎంచుకుంటే నెలల తరబడి దాంతోనే బతకాలి.

మొదట వాళ్లు అవునన్న ఆ అర పేజీని చదివి వినిపించండి. తర్వాత గ్యాలరీలో మీరు చూసిన రోజు గురించి రెండు నిమిషాలు చెప్పండి. ‘మీ దగ్గర పనిచేసే ఒకావిడ పొద్దుట్నుంచి ఇన్నిసార్లు మోకాళ్ల మీద కూర్చున్నారు’ అని చెప్పినప్పుడు ఆ గదిలో వాతావరణమే మారిపోతుంది. ఆ తర్వాత కాన్సెప్ట్, ఒక్క వాక్యం. వెంటనే గుడ్డ చేతికివ్వండి. స్కెచ్ కంటే ముందు గుడ్డ. చేతిలో గుడ్డ ఉన్న మనిషి బొమ్మని ఇంకోలా చూస్తారు, ఆ బరువూ ఆ స్పర్శా బొమ్మలోకి తెచ్చుకుంటారు.

స్కెచ్‌లలో మనిషిని ఎలా గీశారో చూసుకోండి. మనకి కాలేజీలో ఫ్యాషన్ బొమ్మని తొమ్మిది తలల పొడవు గీయడం నేర్పుతారు. నిజమైన మనిషి ఏడున్నర తలలే. ఆ మిగతా పొడవులో ఎక్కువ భాగం కాళ్లకే పోతుంది. ఆ బొమ్మ చూసి ఒప్పుకున్న కోటు మామూలు ఎత్తు మనిషికి తొడిగితే, ‘మేం చూసింది ఇది కాదే’ అంటారు. బొమ్మ పక్కనే ముందువైపు, వెనకవైపు ఫ్లాట్ స్కెచ్‌లు, అంటే మనిషి లేకుండా బట్టని పరిచినట్టు గీసినవి, పెట్టండి. కుట్టు ఎక్కడొస్తుందో, జేబు ఎక్కడుందో, కాజాలు ఎన్నో అందులో తెలియాలి.

వీలైతే మూడింట్లో మీకు బాగా నమ్మకమున్న దాన్ని తెల్ల నూలుగుడ్డతో కచ్చా కుట్లు వేయించి, గ్యాలరీలో పనిచేసే మనిషికే తొడగండి. అందంగా నిలబడమని చెప్పకండి. చెయ్యి ఎత్తమనండి, మోకాళ్ల మీద కూర్చోమనండి. డైరెక్టర్ గారిని చూడనివ్వండి. అప్పుడు మీరు మాట్లాడటం ఆపెయ్యాలి. ఆ నిశ్శబ్దం కష్టంగానే ఉంటుంది, ఓర్చుకోండి. ‘నచ్చిందా?’ అని మాత్రం అడగొద్దు. ‘దీంతో మీవాళ్లు ఎక్కడ ఇబ్బందిపడతారనుకుంటున్నారు?’ అని అడగండి. ఆ ప్రశ్నకి వచ్చే జవాబుతో మీరు ఏదైనా చెయ్యగలరు.

మూడు వారాల తర్వాత ఏం జరిగిందో తప్పకుండా రాయండి, ఎదురు చూస్తుంటాను.

ప్రశ్న: నేను చూపించిన మూడు డిజైన్లలో ఒకదాని కాలర్, ఇంకోదాని స్లీవ్స్, మూడోదాని నడుము కలిపి చెయ్యమంటున్నారు క్లయింట్. కాదంటే పని పోతుందేమోనని భయం. ఏం చెయ్యను?
— బొటిక్ నడుపుతున్న పాఠకురాలు

జవాబు: కాదనకండి, వెంటనే సరేననీ అనకండి. ‘ఆ కాలర్‌లో మీకు నచ్చింది ఏమిటి?’ అని అడగండి. నా అనుభవంలో నూటికి తొంభైమందికి కావాల్సింది ఆ కాలర్ కాదు. మెడ కప్పి ఉందనో, ముఖం దగ్గర లేతరంగు ఉందనో, గుండీలు కనపడటం లేదనో చెప్తారు. ఆ కారణాన్ని తీసుకుని, మీ డిజైన్ పద్ధతిలోనే అది కుదిరేలా గీసి చూపించండి. అప్పటికీ ముక్కలే కలపమంటే ఒక ఫ్లాట్ స్కెచ్‌లో కలిపి చూపించండి. ఎక్కడ అతకడం లేదో గీతల్లో వాళ్లకే కనపడుతుంది. పది నిమిషాల పని. మాటలతో వాదించడం కంటే మేలు.

ప్రశ్న: క్లయింట్ ఏదో పెద్ద బ్రాండ్ ఫొటో తెచ్చి ‘ఇదే కావాలి’ అంటే కాపీ కొట్టాలా?
— డిజైన్ విద్యార్థి

జవాబు: వద్దు. అది ఇంకొకరి పని. కానీ ఆ ఫొటోని తీసి పారెయ్యకండి కూడా. అది క్లయింట్ చేతికి దొరికిన భాష. ఫొటో ముందు పెట్టుకుని భుజం, పొడవు, గుడ్డ, రంగు ఒక్కొక్కటీ అడుగుతూ వెళ్లండి: ఇది కావాలా, ఇది అక్కర్లేదా? చివరికి మిగిలే ఒకటి రెండు సంగతుల కోసమే ఆ ఫొటో తెచ్చారని తెలుస్తుంది. అవి బ్రీఫ్‌లో రాసుకుని, ఫొటో మూసేసి గీయండి.

ప్రశ్న: మా ప్రాజెక్టుకి ‘చిత్రకళ నుంచి ప్రేరణ’ అని బ్రీఫ్ ఇచ్చారు. నాకిష్టమైన పెయింటింగ్‌ని గుడ్డ మీద ప్రింట్ చేసి గౌను చేశాను. ‘ఇందులో డిజైన్ ఎక్కడుంది?’ అన్నారు. ప్రింట్ డిజైన్ కాదా?
— మూడో ఏడు విద్యార్థిని

జవాబు: ప్రింట్ కూడా డిజైనే. కానీ ఆ మాట అన్నవాళ్లు అడుగుతున్నది మరొకటి: ఆ పెయింటింగ్ వల్ల గౌను కోతలో, కుట్టులో ఏం మారింది? ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సా లోరా 1965లో డచ్ చిత్రకారుడు మోండ్రియన్ బొమ్మల ప్రేరణతో చేసిన డ్రెస్సులు ఎలా కుట్టారో వెతికి చదవండి. నల్లగీతలు, ఎరుపు, పసుపు, నీలం గళ్లు. చూడటానికి గుడ్డ మీద అచ్చేసినట్టే ఉంటాయి. నిజానికి ఒక్కో రంగూ ఒక్కో ఊలు జెర్సీ ముక్క. అన్నిటినీ అతికి కుట్టారు. బొమ్మ నిటారు గీతలతో చదునుగా ఉంటుంది, ఒళ్లు చదునుగా ఉండదు. ఆ ఒంపులకు కావాల్సిన సర్దుబాటు అంతా ఆ గళ్ల అతుకుల్లోనే దాచేశారు. ఆ అతుకే ఆ డ్రెస్‌లోని ఆలోచన. మీకిష్టమైన పెయింటింగ్‌లో గీత ఎలా నడుస్తోందో, ఎక్కడ ఆగుతోందో చూసి, మీ గౌనులో ఏ కుట్టు ఆ పని చెయ్యగలదో ఆలోచించండి. ప్రింట్ తర్వాత వేసుకోవచ్చు.

ప్రశ్న: చేత్తో గీసిన స్కెచ్ చూపిస్తే పాతకాలం అంటున్నారు. త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా?
— ఫ్రీలాన్స్ డిజైనర్

జవాబు: నేర్చుకోండి, ఉపయోగమే. ఫిట్టింగ్ మార్పులు చూపించడానికి చాలా సమయం కలిసొస్తుంది. అయితే అందులో గుడ్డ బరువు, సాగుడు, వంగే గుణం మీరిచ్చిన అంకెల మీదే ఆధారపడి ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న ఏదో గుడ్డ పెట్టి అందంగా జారుతున్నట్టు చూపించి, తర్వాత బిరుసు గుడ్డతో కుట్టిస్తే క్లయింట్ దగ్గర మాట పోతుంది. 1920ల్లో క్రాస్ కటింగ్‌తో (గుడ్డని ఏటవాలుగా కత్తిరించడం) పేరు తెచ్చుకున్న ఫ్రెంచ్ డిజైనర్ మడెలీన్ వియొనే ఒక చిన్న చెక్కబొమ్మ మీద గుడ్డ చుట్టి, పిన్నులు పెట్టి డిజైన్ చేసేవారు. గుడ్డని ఏటవాలుగా తిప్పితే అది ఎలా సాగి ఒంటిని పట్టుకుంటుందో చేతులతో తెలుసుకున్నారు. మీరూ వాడబోయే గుడ్డని ముందు పడుగు వైపు, తర్వాత పేక వైపు, తర్వాత క్రాస్‌లో లాగి చూసి, ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోండి.